వెన్నపండు అనబడే కాయ

వెన్నపండును, అంటే అవకాడోను, పొగుడుతూ తెలుగులో వచ్చిన రాతలు చాలా చదివాను. అది గుండెకు ఎంత మేలు చేస్తుందో, చర్మానికి ఎంత నిగారింపు ఇస్తుందో వాటిలో పుష్కలంగా ఉంది. రాయిలాంటి ఆ కాయను కొని ఇంటికి తెచ్చుకున్నవాడు దాన్ని ఎప్పుడు కోయాలి, ఎలా కోయాలి, కోసినదాన్ని నోట్లో పెట్టుకోదగినట్టు ఎలా చేయాలి అన్నది మాత్రం ఎవరూ సక్రమంగా చెప్పలేదు. చెప్పామనుకున్నవారు తాము చూచినది కాక, ఎవరో చెప్పినదాన్ని తిరిగి చెప్పారు. ఆ నిర్లక్ష్యం వల్ల మా ఇంట్లో ఒక రోగికి కొన్ని పూటల అన్నం తప్పింది. ఇంకొక ఇంట్లో అలా జరగకూడదు. ఆ కాయ మీద నాకు ఏమాత్రం ప్రేమ లేకపోయినా, నేను చూచినది చూచినట్టు రాసిపెట్టడానికి కారణం అదే.

ఆ రోగి నా భార్య.

కిందటేడు వానలు వెనుకపట్టే రోజుల్లో ఆమె నోటిలోపల పుండ్లు లేచాయి. నోటిపూత అనుకుని తేనె రాశాం, నెయ్యి రాశాం. తగ్గలేదు. ఏలూరులో పరీక్షచేసిన వైద్యుడు అది మామూలు పూత కాదని, నోటిలోపలి పొరకు వచ్చే మొండి జబ్బని, మందు పనిచేస్తుంది కాని నెలలు పడుతుందని చెప్పాడు. అంతవరకు ఉప్పు మించినా, కారం తగిలినా, పులుపు సోకినా నిప్పు పెట్టినట్టే ఉంటుంది. మా ప్రాంతపు భోజనంలోంచి ఈ మూడింటినీ తీసివేస్తే మిగిలేది విస్తరి.

ఆమె కొల్లేటి అంచు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. చేపల పులుసులో పులుపు చాలలేదని పెళ్లివారింట్లో వంటవాణ్ణి పిలిపించి నిలదీసిన మనిషి. అటువంటి ఆమెకు చప్పటి జావ, చల్లార్చిన పాలు తప్ప మరొకటి దిగకుండా పోయింది. కొన్నాళ్లకు వాటి పేరు చెబితేనే ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి.

రెండోసారి వెళ్లినప్పుడు వైద్యుడు తూకం చూచి కనుబొమలు ముడిచాడు.

"ఇలా తగ్గిపోతే మందు తట్టుకోలేరమ్మా. మళ్లీ వచ్చేసరికి బరువు పెరక్కపోయినా పర్వాలేదు. ఇంకా తగ్గితే మాత్రం ఆస్పత్రిలో ఉంచి, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఎక్కించాల్సిందే."

నా భార్య కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆమె తల్లి చివరి రోజులు ఆ గొట్టంతోనే గడిచాయి. పక్కన కూర్చుని చూచినది ఈమే.

"అది తప్ప ఇంకేదైనా చెప్పండి డాక్టరుగారూ," అంది.

"పుల్లగా ఉండకూడదు, కారం ఉండకూడదు, మెత్తగా ఉండాలి, కొంచెం తిన్నా బలం రావాలి. బటర్ ఫ్రూట్ తినండమ్మా."

"ఎలా తినాలండీ?"

"స్పూన్‌తో తినేయడమే. చాలా ఈజీ," అంటూ ఆయన తరువాతి రోగి కోసం గంట నొక్కాడు.

చాలా ఈజీ. ఒక్క పూటయినా ఆ కాయను కోసినవాడు ఆ మాట అనడని అప్పటికి నాకు తెలియదు. ఆటోలో వస్తూ నా భార్య, "ఏవండీ, అదేదో రేపే తెప్పించండి. ఆ గొట్టం మాత్రం నాకొద్దు," అంది.

ఆమె తమ్ముడికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల టోకు వ్యాపారం. కర్ణాటక వైపునుంచి లారీలు వస్తాయి కనుక అతడికి కబురు పెట్టాను. రెండు రోజులు తిరగకముందే ఒక అట్టపెట్టె భుజాన వేసుకుని వచ్చి, గుమ్మంలోనే అరుపు మొదలుపెట్టాడు.

"బావగారూ, వెన్నపళ్లండీ! బెంగుళూరు సరుకు. మామూలోళ్లకి దొరకదు."

పెట్టెలోంచి ఒకదాన్ని తీసి బల్లమీద తట్టాను. చెక్కను తట్టినట్టు మోగింది.

"ఇది పండా?"

"పండేనండీ. పేరులోనే ఉంది కదండీ."

"పేరులో వెన్న కూడా ఉంది. ఏదీ, చూపించు."

లోపల మంచం మీదున్న నా భార్య నవ్వబోయి, నొప్పికి నోరు పట్టుకుంది. "ఒరేయ్, ఆయనతో పెట్టుకోకు. నీ ఉల్లిపాయలకి కూడా సంధి విడదీస్తారు."

"ఆయ్, విడదీయమనక్కా. కళ్లమ్మట నీళ్లు ఆయనకే వత్తాయి."

నేను జీవితమంతా వ్యాకరణం బోధించినవాణ్ణి కనుక ఇంట్లో ఈ ఎకసక్కెం నాకు అలవాటే. అయితే నేనడిగినది హాస్యానికి కాదు. తెలుగువాడు చెట్టుమీది ఫలాన్ని దశలవారీగా పిలుస్తాడు. మొదట పిందె, తరువాత కాయ, పచ్చిదనం విరిగేటప్పుడు దోరకాయ, ఆ పైన పండు. ఈ పేర్లలో వంటింటి శాసనం కూడా ఇమిడి ఉంది. కాయ పొయ్యిమీదికి పోతుంది, పండు నేరుగా నోట్లోకి పోతుంది. అరటికాయ వేపుడవుతుంది, అరటిపండు ఆకులో పడుతుంది. పనసకాయ కూర, పనసపండు తొన. మామిడికాయ పప్పు, మామిడిపండు రసం. ఈ శాసనం మా వంటింట్లో ఎన్నడూ తప్పలేదు. ఎదుట ఉన్నది పచ్చగా, గట్టిగా, తొడిమ బిగిసి ఉంది కనుక అది నిస్సందేహంగా కాయ అని నేను తేల్చాను. నా భార్య ఒప్పుకుంది. కాయ అని తేలిన తరువాత చేయవలసినదేమిటో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆమె వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చెప్పింది, నేను చేశాను. "తొక్క తీసి, ముక్కలు కోసి పెసరపప్పులో పడేయండి. బొప్పాయికాయ ఉడకట్లేదా? ఇదీ అంతే."

తొక్క తీయడానికే చాలాసేపు పట్టింది. గింజ మధ్యలో గోలీకాయలా కూర్చుని కత్తికి దారి ఇవ్వలేదు. ఎలాగో ముక్కలు చేసి, మిరపకాయ లేకుండా, ఉప్పు నామమాత్రంగా వేసి, పప్పుతోపాటు ఉడికించాను. చూడటానికి బాగానే ఉంది. ఆమె ఒక ముద్ద మెత్తటి అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. ఆ ముఖం మారిన తీరు నేను చెప్పలేను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెరట్లోకి పోయి ఉమ్మి, నీళ్లు పుక్కిలించి, గోడ పట్టుకుని నిలబడింది.

నేను రుచి చూచాను. చేదు. కాకరకాయ చేదు నిజాయితీ గల చేదు. పేరు చెప్పినప్పుడే మనిషిని సిద్ధం చేస్తుంది. ఇది అలా కాదు. మొదట ఏమీ లేనట్టే ఉండి, మింగబోయే సమయానికి మందుబిళ్ల నాలుక మీద కరిగినట్టు వెనుకనుంచి పట్టుకుంటుంది. వేడి తగిలితే ఈ కాయకు, అందులోనూ పచ్చిదానికి, చేదు పుడుతుందని ఆ రోజు తెలిసింది. ఆ పూటే కాదు, మరునాడు కూడా ఆమె ఏమీ తినలేదు.

ఉదయం కాలువ గట్టున నడకకు వచ్చే మిత్రులను అడగడం నేను చేసిన మరో వ్యర్థప్రయత్నం. అందరూ పెద్ద ఉద్యోగాలు చేసి దిగినవారే. ఒకాయన నిలబడి ఫోను తీసి నాకు చూపించాడు.

"బ్రెడ్ కాల్చి, దానిమీద ఇది రాసి, నిమ్మకాయ పిండి, మిరియాలపొడి చల్లుకోవడమేనండీ మాస్టారూ! హైదరాబాదులో అందరూ అదే తింటన్నారు."

"మా ఆవిడకు నోటినిండా పుండ్లండీ."

"అయితే నిమ్మకాయ కొంచెం తగ్గించండి."

కాల్చిన రొట్టె, నిమ్మరసం, మిరియాలు. మొదటిది పుండ్లను గీరుతుంది, మిగిలిన రెండూ మండిస్తాయి. ఆయనకు అదేమీ పట్టలేదు. ఫోనులో మరొక వీడియో వెతుకుతున్నాడు. అందులో ఒక యువకుడు కాయను అరచేతిలో పెట్టుకుని గింజ మీద కత్తితో వేటు వేస్తున్నాడు. ఇలాంటివి చూచి ఎంతమంది అరచేతులు కోసుకున్నారో ఎవరూ వీడియో తీసి పెట్టరు. "ఇప్పటిదాకా మీరు ఈ కాయను చేత్తో పట్టుకున్నారా?" అని అడిగాను. "లేదండీ, మాకు పడదు," అన్నాడు. ఇదీ వారి విజ్ఞానం. చేత్తో పట్టుకోని వస్తువు మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఈ రోజుల్లో సిగ్గు అడ్డురాదు.

పెట్టెలో ఇంకా కాయలున్నాయి. నా భార్య మంచం దిగి వచ్చి వాటి ముందు నిలబడింది.

"మనం తొందరపడ్డామండీ. మాగేస్తే పోయేది. కాయని పండించడం తెలియనోళ్లమా మనం?"

ఆ మాటలో ఆమె పుట్టింటి గర్వం ఉంది. వాళ్ల ఇంట్లో మామిడికాయలు దిగిన రోజుల్లో ఒక గదినిండా వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మీద గడ్డి కప్పి మాగవేసేవారు. ఏ మూలది పండిందో పక్క గదిలోంచి వాసనపట్టి చెప్పేది ఈమె. పెద్దలు ఆమెను పిలిచి అడిగి మరీ గడ్డి తీసేవారట. పెళ్లయిన తరువాత మా ఇంట్లో కూడా ఆ అధికారం ఆమెదే. ఆమె ముక్కు ఒప్పుకోకుండా మా ఇంట్లో మామిడిపండు కోసిన రోజు లేదు.

మాగవేయాలంటే గడ్డి కావాలి. కోత మిషన్లు వచ్చిన తరువాత పొలంలో మిగిలేది గడ్డి కాదు, నలిగిన తుక్కు. చేత్తో కోసి, కొట్టి, కుప్ప వేసిన నిలువు గడ్డి ఎక్కడైనా ఉందేమోనని విచారిస్తే ఉంగుటూరులో ఒక బంధువు దొడ్లో పశువుల కోసం దాచిన చిన్న వామి ఉందన్నారు. నేను బస్సులో వెళ్లి ఒక మోపు కట్టించుకుని వచ్చాను. ఈ వయసులో గడ్డిమోపుతో బస్సెక్కినవాణ్ణి చూచి కండక్టరు, "ఏవండీ మాస్టారూ, గేదెను వెనకాల బస్సులో తెత్తన్నారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాను.

గంప అడుగున గడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, మీద గోనె వేశాం. ఆమె నియమం ఒక్కటే. వాసన వచ్చేదాకా ఎవరూ గోనె ఎత్తకూడదు.

ప్రతి ఉదయం ఆమె గంప దగ్గరికి వెళ్లి వంగి, కళ్లు మూసుకుని వాసన చూచేది. "ఇంకా రాలేదండీ," అని తిరిగి వచ్చి మంచం మీద కూర్చునేది. ఆ వంగడంలో ఆమె ఎంత చిక్కిపోయిందో నాకు కనబడేది. వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన రోజు దగ్గరపడుతోంది. జావ గ్లాసు సగం తాగి పక్కన పెట్టేది.

"ఒకసారి తీసి చూద్దామా?" అన్నాను ఒకరోజు.

"మధ్యలో గాలి తగిలితే బిగుసుకుపోతాయండీ. ముట్టుకోకండి. మీకు వ్యాకరణం తెలుసు, నాకు గడ్డి తెలుసు."

అది ఆమె విషయం. నేను తలదూర్చలేదు. క్రమం తప్పితే ఫలితం తప్పుతుందన్నది నేనే ఏళ్ల తరబడి ఇతరులకు చెప్పిన మాట.

చివరికి ఒక ఉదయం ఆమె గొంతు పెరట్లోకి వినిపించింది. "ఏవండీ, వచ్చిందండీ! వాసనొచ్చింది!"

ఆ గొంతులో అంత ఉత్సాహం విని చాలాకాలమైంది. నేను పరుగున వెళ్లాను. వాసన వచ్చిన మాట నిజమే. ఆమె గోనె తీసింది, నేను గడ్డి తొలగించాను. చేతికి తగిలిన మొదటి కాయ లోపలికి దిగిపోయింది. తొక్క పగిలి, నల్లటి పీచుతో కూడిన గుజ్జు వేళ్లకు అంటుకుంది. రెండోది, మూడోది కూడా అంతే. పులిసిన వాసన గుప్పుమంది.

ఆ కాయకు పండిన వాసన లేదు. కుళ్లిన వాసన మాత్రమే ఉంది. మామిడిపండు, జామపండు, అరటిపండు, పనస, ఇవన్నీ పండిన సంగతిని వీధి చివరిదాకా చాటి చెబుతాయి. వాటి మర్యాదకు అలవాటుపడ్డ మేము, ఈ పరదేశి కాయ కూడా అదే మర్యాద పాటిస్తుందని నమ్మి, దాని కబురు కోసం ఎదురుచూశాం. అది లోపల నిశ్శబ్దంగా పండింది, నిశ్శబ్దంగా మురిగింది. ఇంటివాళ్లకు ఒక్క మాట చెప్పే సభ్యత కూడా లేని ఫలాన్ని నేను ఇంతకుముందు చూడలేదు.

నా భార్య గంప పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.

"ఇదేం పండండీ, పండినట్టు చెప్పదు?"

నేను వేళ్లకంటిన గుజ్జును గడ్డితో తుడుచుకున్నాను.

"ఇక గొట్టమేనేమోనండీ," అంది మెల్లిగా.

ఆమెను లేవదీసి లోపల పడుకోబెట్టాను. ఆ తరువాత పెరట్లో పాత పేపరు పరిచి, కుళ్లినవాటిని పారవేయకుండా ఒక్కొక్కటిగా వరుసలో పెట్టాను. పరీక్ష తప్పిన జవాబుపత్రాన్ని చించేముందు ఎక్కడ తప్పిందో చూడటం నా అలవాటు. రంగు చూచాను. కుళ్లినవాటి తొక్క కూడా చాలాచోట్ల పచ్చగానే ఉంది. కనుక ఈ నున్నటి పచ్చరకానికి రంగు గుర్తు కాదు. గరుకు తొక్క గల మరోరకం పండేకొద్దీ నల్లబడుతుందని తరువాత బజారులో చూచాను. ఆ రెండింటి నియమాన్నీ ఒకదానికొకటి అంటగట్టే మూర్ఖులే ఎక్కువ. గంప అంచున, గడ్డి పలుచగా ఉన్నచోట ఒక్క కాయ మాత్రం బాగున్నట్టు తోచింది. దాన్ని అరచేతిలో మొత్తంగా పట్టుకుని, బొటనవేలితో తొడిమ పక్కన మెల్లిగా అదిమాను. రాయిలా లేదు, దిగిపోనూ లేదు. గోధుమపిండి ముద్ద కొద్దిగా ఆరిన తరువాత అదిమితే ఎలా ఉంటుందో అలా ఉంది. తొడిమను గోటితో నెడితే సులువుగా ఊడింది. దాని కింద గుంట లేతపచ్చగా ఉంది. కుళ్లినవాటి తొడిమ కింద గుంట గోధుమరంగులో ఉంది. కోస్తే కత్తి దానంతట అది దిగింది.

ముక్కుకు అందని సంగతి వేలికి అందింది. ఈ కాయ విషయంలో మేము తెలుసుకోవలసినది అంతే. అయితే ఆ సంగతి నేను లోపలికి వెళ్లి చెప్పినప్పుడు నా భార్య గోడవైపు తిరిగి, "మళ్లీ ఆ కాయ పేరెత్తకండి," అంది.

ఆమెకు చెప్పకుండా బజారుకు వెళ్లాను. ఏలూరులో ఇప్పుడు ప్రతి పెద్ద పళ్లదుకాణంలోనూ ఈ కాయను అద్దాల అరల్లో ఉంచుతున్నారు. నేలమీద గోనెలో పోసిన జామకాయలు ఎంత రుచిగా ఉన్నా వాటిని పట్టించుకునేవారు లేరు. దీనికి మాత్రం ఒక్కొక్కదానికి తెల్లటి వలతొడుగు, దానిమీద ఒక స్టిక్కరు, పెళ్లికొడుకు ముస్తాబు. నేను ఒకదాన్ని తొడుగు తీసి పట్టుకోగానే దుకాణదారు అడ్డుపడ్డాడు.

"నొక్కకండి మాస్టారూ, నొక్కితే లోపల నల్లబడతాయి."

"నొక్కకపోతే పండిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"మెత్తనివే కావాలంటే ఇయ్యి పట్టుకెళ్లండి. తయారుగా ఉన్నాయి."

"ఇవెందుకు మెత్తబడ్డాయి?"

"పొద్దున్నించీ వచ్చినోళ్లంతా నొక్కి చూశారు కదండీ!"

ఆ నిజాయితీకి నేను అతణ్ణి అభినందించక తప్పలేదు. అందువల్ల నా సలహా ఇది. దుకాణంలో మెత్తగా ఉన్నదాన్ని కొనకండి. అది పండి మెత్తబడిందో, పదిమంది వేళ్లకు నలిగి మెత్తబడిందో చెప్పడం కష్టం. గట్టిగా, బరువుగా, తొడిమ ఊడకుండా, మచ్చ లేకుండా ఉన్నవి ఎంచుకోండి. అన్నీ ఒకే గట్టిదనం గలవి కొనవద్దు, ఎందుకంటే అవన్నీ ఒకేపూట పండి మిమ్మల్ని ఎగతాళి చేస్తాయి. ఒకటి రాయిలాంటిది, ఒకటి అంతకంటె కాస్త తక్కువ గట్టిది, ఒకటి మధ్యరకం తెచ్చుకుంటే వరుసగా అందుతాయి. ఇంట్లో వాటిని కప్పిపెట్టకండి. కళ్లెదుట పళ్లెంలో పెట్టి ఉదయం, సాయంత్రం అరచేతితో పట్టి చూడండి. తొందరగా కావాలంటే పక్కన ఒక పండిన అరటిపండు పెట్టండి. లొంగగానే తినడం కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, కొద్దిరోజులు ఆగుతుంది. గట్టిగా ఉన్నప్పుడే ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అది పండదు, మొండికేస్తుంది.

తెచ్చినవాటిలో మొదటిది లొంగిన రోజున నేను వంటింట్లోకి వెళ్లాను. కాయను నిలువుగా, కత్తి గింజకు ఆనేదాకా దింపి, చుట్టూ తిప్పాను. రెండు సగాలను రెండు చేతులతో పట్టి ఎదురుబొదురుగా మెలితిప్పితే విడిపోయాయి. గింజ కింద స్పూను పెట్టి ఎత్తితే లేచి వచ్చింది. గుజ్జును గిన్నెలోకి తీశాను. దాన్ని మెదపడానికి, పప్పు మెదిపినట్టే, గోడకున్న పప్పుగుత్తి తీసుకున్నాను. శుభ్రంగా కడిగినదే.

గొట్టం మాట గుర్తుచేస్తే గాని నా భార్య గిన్నె అందుకోలేదు. మొదటి స్పూను నోట్లో పెట్టుకోగానే, "కారం!" అని చెయ్యి విదిలించింది.

"ఉప్పు కూడా వేయలేదు."

"దేంతో మెదిపారు?"

పప్పుగుత్తి చూపించాను. ఆమె తల పట్టుకుంది.

"దానికి కడుగుడేంటండీ! మన పెళ్లైనప్పట్నించీ మిరపకాయలూ చింతపండూ తాగుతోందది. దాన్ని ఉత్తి నీళ్లలో పెట్టి తిప్పితే చారవుద్ది."

కర్రకు జ్ఞాపకశక్తి ఉంటుందని నేను ఏ శాస్త్రంలోనూ చదవలేదు. కాని ఆ పుండ్ల ముందు నా చదువు చెల్లలేదు. ఆ గిన్నె పక్కన పెట్టి, మిగిలిన సగాన్ని స్టీలు గరిటె వెనుకభాగంతో, పలుకు లేకుండా మెదిపాను. అప్పుడే తోడుకున్న, పులుపు ఇంకా ఎక్కని కమ్మటి పెరుగు రెండు గరిటెలు కలిపాను. గుజ్జుగా ఉడికించి చల్లార్చిన అన్నం ఒక గుప్పెడు వేసి మళ్లీ మెదిపాను. ఉప్పు వేలికొసకు అంటినంత.

ఆమె గిన్నెలోకి చూచింది.

"కొల్లేట్లో గుర్రపుడెక్క నూరినట్టుందండీ."

"తిను."

"పశువులైనా మూతి తిప్పుకుంటాయి."

"ఒక్క స్పూను."

తిన్నది. నేను ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాను. నాలుకను అటూ ఇటూ తిప్పి చూచుకుంది. ఇంకొక స్పూను తీసుకుంది.

"ఎలా ఉంది?"

"ఏమీ లేదండీ. రుచీ లేదు, పచీ లేదు." మరో స్పూను తీసుకుంటూ, "మండట్లేదు," అంది.

గిన్నె ఖాళీ అయింది. ఏ రుచీ లేకపోవడం ఒక ఫలానికి సుగుణం కావడం ఇదే మొదటిసారి అయి ఉంటుంది. మామిడిపండును ఆ రోజు ఆమె నోట్లో పెట్టగలిగినవాడు లేడు. ఆత్మగౌరవం లేని ఈ కాయ మాత్రం పెరుగులో కలిస్తే పెరుగైపోయింది, అన్నంలో కలిస్తే అన్నమైపోయింది.

ఆ తరువాత రోజూ రెండుపూటలా అదే. కోసిన రెండో సగం నల్లబడకుండా నిమ్మరసం రాయమంటారు. పులుపు కూడనివారికి అది పనికిరాదు. గింజను తీయకుండా ఉంచి, గుజ్జు మీద అరటాకు ముక్కను గాలి చొరకుండా అంటించి, ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి పైపైన కొద్దిగా రంగు మారుతుంది, అంతే. ఆ పొరను స్పూనుతో గీసి తీసేయవచ్చు.

ఒకసారి బావమరిది మళ్లీ పెట్టెడు కాయలతో వచ్చాడు. అన్నీ ఒకే గట్టిదనం.

"ఏం బావగారూ, పండో కాయో తేలిందాండీ?"

"తేలింది. నువ్వు తెచ్చేటప్పుడు కాయ, మీ అక్క తినేటప్పుడు పండు. ఆ రెండింటి మధ్య నా బతుకు."

"అక్కా, బావగారు గడ్డిమోపుతో బస్సెక్కారంట కదా, గూడెం దాకా తెలిసిపోయింది."

"మిగిలిన గడ్డి నీ ఇంటికే పంపిస్తాను, మేసి చూడు," అంది ఆమె. నోరు పట్టుకోకుండా తమ్ముణ్ణి తిట్టగలిగిందని నేను అప్పుడు గమనించాను.

వైద్యుడి దగ్గరికి వెళ్లిన రోజున ఆమె తూకపు యంత్రం ఎక్కేముందు చెప్పులు విడిచి, మళ్లీ ఏదో ఆలోచించి, చెప్పులు వేసుకుని ఎక్కబోయింది. "విప్పాలమ్మా," అంది నర్సు. ఎక్కి, అంకె చూడకుండా నా ముఖం చూచింది. బరువు తగ్గలేదు. కొంచెం పెరిగింది కూడా. వైద్యుడు నోరు తెరిపించి లైటు వేసి చూచి, పుండ్లు మానుముఖం పట్టాయన్నాడు.

"గొట్టం అక్కర్లేదమ్మా."

ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుంది. వెంటనే, "అయితే కొంచెం చేపల పులుసు..." అని మొదలుపెట్టింది.

"అప్పుడే కాదమ్మా. అదే కంటిన్యూ చేయండి. చూశారా, ఎంత ఈజీయో!"

నేను మందుచీటీ అందుకుని నమస్కారం పెట్టాను. నా భార్యకు ఇంకా వైద్యం చేయవలసిన చెయ్యి అది.

ఆమె నోరు పూర్తిగా మానడానికి ఇంకా సమయం ఉంది. ఈ పూట కూడా ఒక కాయ పళ్లెంలో ఉంది, నేను దాన్ని రెండుసార్లు పట్టి చూచాను. దానిమీద నా అభిప్రాయం మారలేదు. పొయ్యిమీద నిలవలేని, వాసన ఇవ్వలేని, తన సంగతి తాను చెప్పుకోలేని కాయ అది. అయినా ఆమెకు దిగుతున్నది అదొక్కటే కనుక నాకు దానితో పని తప్పదు. కామవరపుకోట వైపు మెరకతోటల్లో ఎవరో ఈ చెట్టు వేశారని విన్నాను. చూడలేదు కనుక దాని గుణం ఎలా ఉంటుందో రాయలేదు. ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఒకే రకం మీద చూచిన మాట, అన్ని రకాలకూ వర్తించకపోవచ్చు. అరటాకు పద్ధతికంటె మేలైనది ఉండవచ్చు.

ఈ కాయను తమ చేతులతో కోసి, రోగికి తినిపించిన పాఠకులు ఎవరైనా ఉంటే, పైన నేను రాసినదానిలో తప్పులున్నచోట దయచేసి దిద్దండి. ఫోనులో చూచినవి పంపవద్దు. త్వరగా తెలియజేస్తే ఉపకారం. నా వల్ల జరిగే పొరపాటు ఇంకా ఆమె గిన్నెలోనే పడుతుంది.